రాజ్యసభ ‘ఏకగ్రీవం’లో గ్రీవం ఎవరిది?

గ్రీవం అంటే మెడ, కంఠం. దశగ్రీవుడు, సుగ్రీవుడు, హయగ్రీవుడు మనం చిన్నప్పటి నుంచీ వింటున్న పేర్లే. పదిమందీ ఒకే గొంతుతో పలికితే అది ఏకగ్రీవం. సంఘం సమావేశంలో తీర్మానం చదివాక అందరూ చేతులెత్తితే ‘ఏకగ్రీవంగా ఆమోదించారు’ అంటాం. అక్కడ ఆ మాట చక్కగా అతుకుతుంది. రాజ్యసభకు పోటీ లేకుండా గెలిచినవాళ్లను ‘ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు’ అని వార్తల్లో రాస్తుంటారు. అక్కడ ఈ మాట చూసినప్పుడల్లా మాత్రం నాకు మనసు ఒప్పదు.

2024 ఫిబ్రవరి సంగతే చూడండి. తెలంగాణలో మూడు ఖాళీలకు ముగ్గురే బరిలో మిగిలారు, కాంగ్రెస్ వాళ్లు ఇద్దరు, బీఆర్‌ఎస్ తరఫున ఒకరు. ఆ రెండు పార్టీలకూ ఏ విషయంలో గొంతు కలిసిందని? అదంతా లెక్క. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 100. 119 మందికి 11,900. మూడు సీట్లకు ఒకటి కలిపి నాలుగుతో భాగించి, వచ్చినదానికి ఒకటి చేర్చితే 2,976. అంటే 30 మంది ఎమ్మెల్యేలు తమ మొదటి ఎంపికగా ఓటేస్తే (మొదటి ప్రాధాన్య ఓట్లు) సీటు ఖాయం. బీఆర్‌ఎస్ గెలిచింది 39 స్థానాలు కాబట్టి ఒక సీటు, కాంగ్రెస్ గెలిచింది 64 కాబట్టి రెండు. నాలుగో మనిషిని నిలబెట్టినా గెలిచే దారి లేదు. అందుకే ఉపసంహరణ గడువు దాటగానే ముగ్గురూ గెలిచినట్టు ప్రకటించారు. ఒక్క ఎమ్మెల్యే కూడా ఓటు వేయలేదు. ఎవరూ పలకని చోట గ్రీవం ఎక్కడిది?

2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు సీట్లకు ఐదుగురు నిలబడ్డారు, పోలింగ్ జరిగింది. నలుగురికి తలా 38 ఓట్లు, ఐదో అభ్యర్థికి 17. అది అచ్చమైన ఎన్నిక.

ఇలాంటి చోట హిందీవాళ్లు ‘నిర్విరోధ్’ అంటారు, కన్నడంలో ‘అవిరోధ’. తమిళులైతే నేరుగా ‘పోటీ లేకుండా’ అనే అర్థమొచ్చే మాటే వాడతారు. మనకూ ‘పోటీ లేకుండా ఎన్నిక’ ఉంది కదా! హెడ్డింగుకు పొడుగవుతుందని ఎవరైనా అనొచ్చు. ‘పోటీ లేని ఎన్నిక’ అంటే ఒక్క వరుసలో ఇమిడిపోతుందండీ.

పంచాయతీల దగ్గర మాత్రం నాకు పేచీ లేదు. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుని, వాదులాడుకుని, చివరికి ఒక పేరు మీదికి వస్తే దాన్ని ఏకగ్రీవం అనడమే న్యాయం.