మొజాంబిక్ కంది, మన కంది: ఆఫ్రికా దేశాల వ్యవసాయ వృద్ధిని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న – పత్తికొండ రైతు (కర్నూలు జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. వేరుశనగలో పెట్టుబడి కూడా తిరిగి రాకపోవడంతో మేము కొన్నేళ్లుగా మెట్ట భూమిలో కంది వేస్తున్నాము. పంట కల్లానికి వచ్చే వేళకు, ఆఫ్రికా సరుకు దిగింది కాబట్టి ఇంతకంటే ధర పలకదని మార్కెట్‌లో చెబుతున్నారు. మొజాంబిక్, టాంజానియా, మలావీ పేర్లు మా ఊళ్లో ఇప్పుడు అందరికీ తెలుసు. అక్కడి సేద్యం ఎలా సాగుతోందో, ఆ రైతు బాగుపడుతున్నాడో లేదో చెప్పేవారు మాత్రం లేరు. ఆఫ్రికా ఆర్థిక వ్యవస్థలు వేగంగా ఎదుగుతున్నాయని ఒకరోజు చదువుతాము, అప్పులు కట్టలేక చేతులెత్తేశాయని మరొకరోజు చదువుతాము. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? అక్కడి పంట ఇలాగే పెరుగుతూ పోతే మన మెట్ట రైతులు కందిని వదులుకోవలసిందేనా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు 1 – అర్థశాస్త్ర అధ్యాపకుడు, కడప

పత్తికొండ సోదరులకు నమస్కారం. ముందుగా ఒక మాట. ఆఫ్రికాలో 54 దేశాలు ఉన్నాయి. రువాండా, కోట్ డివువార్, బెనిన్ వంటివి గత దశాబ్దంలో చాలా ఏళ్లు 6 శాతానికి పైగా వృద్ధి సాధించగా, జాంబియా 2020లో, ఘనా 2022లో, ఇథియోపియా 2023లో విదేశీ బాండ్ల చెల్లింపులు చేయలేకపోయాయి. మీరు చదివిన రెండు రకాల వార్తలూ అందుకే నిజం. సహారాకు దక్షిణాన ఉన్న దేశాలన్నింటినీ కలిపి చూస్తే ఇటీవలి వృద్ధి 3 నుంచి 4 శాతం మధ్య ఉంది, జనాభా ఏటా దాదాపు 2.5 శాతం పెరుగుతోంది. అంటే తలసరిన మిగిలేది చాలా స్వల్పం.

ఈ విషయంలో మొజాంబిక్‌నే ఉదాహరణగా తీసుకోవడం మేలు. 1992లో అంతర్యుద్ధం ముగిసిన తరువాత ఆ దేశం రెండు దశాబ్దాలకు పైగా ఏటా సగటున 7 శాతానికి మించిన వృద్ధి చూపింది. 2016లో, ప్రభుత్వ హామీతో రహస్యంగా తెచ్చిన సుమారు 200 కోట్ల డాలర్ల అప్పు బయటపడింది. అంతర్జాతీయ ద్రవ్యనిధితో పాటు దాతలు సాయం నిలిపివేశారు, ఆ దేశ కరెన్సీ మెటికాల్ విలువ పడిపోయింది, వృద్ధి 4 శాతం లోపుకు దిగింది. 2017 నుంచి ఉత్తరాన కాబో డెల్గాడోలో సాయుధ దాడులు మొదలై, 2021లో అక్కడి భారీ సహజవాయువు ప్రాజెక్టు పని ఆగిపోయింది. ఇదాయ్ (2019), ఫ్రెడీ (2023), చీదో (2024) తుపానులు పొలాలనూ రోడ్లనూ ముంచెత్తాయి. ఇన్ని దెబ్బలు తిన్న దేశంలో, వర్షం మీద మాత్రమే ఆధారపడి, మొక్కజొన్న చేలో అంతరపంటగా కంది వేసే చిన్న రైతును మనం పోటీదారుగా చూసి భయపడుతున్నామన్నది ఆలోచించవలసిన విషయం.

ఇక దిగుబడి సంగతి. సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లో ఉత్పత్తి పెరుగుదలలో పెద్ద భాగం కొత్త భూమిని సాగులోకి తేవడం వల్ల వచ్చింది. ధాన్యపు పంటల సగటు దిగుబడి ఇప్పటికీ హెక్టారుకు ఒకటిన్నర టన్నుల చుట్టూనే ఉంది. 2003లో మొజాంబిక్ రాజధాని మపుటోలో సమావేశమైన ఆఫ్రికా దేశాధినేతలు బడ్జెట్‌లో 10 శాతం వ్యవసాయానికి ఇస్తామని ప్రకటించారు. ఆ మాటను ఏటా నిలుపుకున్న దేశాలు కొద్దే. 2006లో నైజీరియా రాజధాని అబుజాలో హెక్టారుకు 50 కిలోల ఎరువుల పోషకాలు లక్ష్యంగా పెట్టుకున్నారు, సగటున అదీ ఇంకా చేరలేదు. మన దేశ సగటు వాడకం అంతకు రెండింతలకు పైనే ఉంటుంది. అప్పుల వడ్డీకే ఆదాయం కరిగిపోయే ప్రభుత్వం ముందుగా కోత పెట్టేది కాలువలకు, గోదాములకు, పరిశోధనకు. నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద ప్రమాదం అదే.

జవాబు 2 – పప్పు మిల్లు నిర్వాహకుడు, కర్నూలు

అధ్యాపకుల వారు చెప్పినదానికి వ్యాపారం వైపు నుంచి కొంత చేరుస్తాను. మొజాంబిక్‌లో కందిని స్థానికులు తినడం తక్కువ, పండినదంతా దాదాపుగా మన దేశానికే వస్తుంది. 2015లో ఇక్కడ కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరిన తరువాత, 2016లో మన ప్రభుత్వం ఆ దేశంతో ఒప్పందం చేసుకుని తొలి ఏడాది లక్ష టన్నులు, ఐదో ఏడాదికి 2 లక్షల టన్నులు కొంటామని మాట ఇచ్చింది. ఆ మాటను నమ్మి నంపులా, జాంబేజియా రాష్ట్రాల రైతులు కంది విస్తీర్ణం పెంచారు. అదే ఏడాది మన రైతులు కూడా విపరీతంగా వేయడంతో 2016–17లో ఇక్కడ రికార్డు పంట వచ్చి, ధర మద్దతు ధర కంటే దిగువకు పడిపోయింది. 2017 ఆగస్టులో ప్రభుత్వం దిగుమతులపై పరిమితి విధించింది. ఒప్పందం సరుకుకు మినహాయింపు ఉన్నప్పటికీ మొజాంబిక్‌లో వ్యాపారులు వెనకడుగు వేశారు, అక్కడి ధర కుప్పకూలింది. పత్తికొండలో మీరు, నంపులాలో అతను, ధర చూసి కంది ఎక్కువగా వేసి ఒకే కాలంలో నష్టపోయారన్నది నేను కళ్లారా చూసిన నిజం.

2021 మేలో గడువు పెట్టి దిగుమతిని మళ్లీ స్వేచ్ఛ చేశారు, ఆ గడువును ఏటా పొడిగిస్తూ వచ్చారు. మొజాంబిక్ కంది కోత మన కంటే ముందే పూర్తయి, సెప్టెంబరు నుంచి ఓడలు ఇక్కడికి చేరుతాయి. డిసెంబరు, జనవరిలో మన కొత్త పంట మార్కెట్‌కు వచ్చేసరికి మిల్లర్ల దగ్గర నిల్వ ఉంటుంది. ధర మీద ఒత్తిడికి కారణం ఎక్కువగా ఈ సమయమే. అయితే ఆ సరుకు ప్రతిసారీ సాఫీగా రాదు. 2023 చివరలో ఎగుమతిదారుల మధ్య వివాదం వల్ల మొజాంబిక్‌లోని నకాలా రేవులో కంది ఆగిపోయి ఇక్కడ కొరత ఏర్పడింది.

జవాబు 3 – విత్తనాల రంగంలో పనిచేసినవాడిని, అనంతపురం

నేను కొంతకాలం మలావీలో లిలాంగ్వే పరిసరాల్లో పనిచేశాను. అక్కడి ఎర్ర నేలల్లో వేరుశనగ, మొక్కజొన్న, కంది చూస్తుంటే కళ్యాణదుర్గం వైపు ఉన్నట్టే అనిపించేది. మన పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌కు ఆ దేశంలోనూ కేంద్రం ఉంది, వర్షాధార పంటల రకాలు అటూ ఇటూ ప్రయాణిస్తూనే ఉంటాయి. తెగుళ్లు కూడా ప్రయాణిస్తాయి. 2016లో ఆఫ్రికాలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో బయటపడి, ఆ వెంటనే మన మొక్కజొన్నలోకి వచ్చింది.

మన జిల్లా రైతులు నైజీరియా అనుభవం తప్పక తెలుసుకోవాలి. 1960లలో ఆ దేశం వేరుశనగ ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరుసలో ఉండేది. కానో నగరంలో బస్తాలను గోపురాల ఆకారంలో పేర్చేవారు. 1970లలో కరువులు వచ్చాయి, 1975లో రోజెట్ వైరస్ లక్షల హెక్టార్లను దెబ్బతీసింది, అదే కాలంలో ముడి చమురు డబ్బు రావడంతో ప్రభుత్వానికి వ్యవసాయం మీద శ్రద్ధ పోయింది. ఆ ఎగుమతి మళ్లీ పూర్వస్థితికి రాలేదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగను కాండంకుళ్లు వైరస్ ఎలా తుడిచిపెట్టిందో గుర్తున్నవారికి ఆ బాధ అర్థమవుతుంది. ఇక మలావీ విషయానికి వస్తే, ఒకప్పుడు ఐరోపాకు వేరుశనగ పంపిన ఆ దేశం, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల గింజలో చేరే విషం) పరిమితులు బిగిసిన కొద్దీ ఆ మార్కెట్‌ను చాలావరకు పోగొట్టుకుంది. కాయను సరిగా ఆరబెట్టి నిల్వ చేసే వసతి ఊరిలో లేకపోవడమే అందుకు ముఖ్య కారణం.

వర్షం సంగతి చెప్పనవసరం లేదు. 2024 ఆరంభంలో ఎల్‌నినో కరువుకు జాంబియా, మలావీ, జింబాబ్వే జాతీయ విపత్తు ప్రకటించాయి. జాంబియాలో మొక్కజొన్న సగానికి సగం పోయింది, కరిబా జలాశయం అడుగంటి కరెంటు కోతలు గని పనులనూ పట్టణాలనూ పట్టి పీడించాయి.

పత్తికొండ రైతు

అందరికీ కృతజ్ఞతలు. అక్కడి రైతు పరిస్థితి ఇంత దగ్గరగా ఉంటుందని ఊహించలేదు. ఈ ఏడాది పంట విషయంలో నేను ఏం చూసుకోవాలో మిల్లు వారు చెప్పగలరా?

పప్పు మిల్లు నిర్వాహకుడు, కర్నూలు

తప్పకుండా, అన్నా. సుంకం లేని దిగుమతి గడువు ఎప్పటి వరకు ఉందో విత్తే ముందే తెలుసుకోండి. సెప్టెంబరు నుంచి ఓడల రాకను గమనించండి. ఈ-పంట నమోదు తప్పక చేయించుకోండి, అది లేకుంటే మద్దతు ధరకు అమ్మే దారి మూసుకుపోతుంది. 2025–26కు కంది మద్దతు ధరను క్వింటాలుకు 8,000 రూపాయలుగా ప్రకటించారు. 2024 జనవరిలో పంటలు కొనే జాతీయ సహకార సంస్థ నాఫెడ్ కంది రైతుల కోసం ప్రారంభించిన ఈ-సమృద్ధి పోర్టల్‌లో ముందుగా పేరు నమోదు చేసుకునే వీలుంది. బయట ధర ఎక్కువగా ఉంటే అక్కడే అమ్ముకోవచ్చు. తేమ ఎక్కువగా ఉన్న సరుకును కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు కాబట్టి, కల్లంలో బాగా ఎండిన తరువాతే తీసుకెళ్లండి.