డిస్క్ బ్రేక్‌లో ఒక వైపు పిస్టన్ సరిగా కదలడం లేదు, క్యాలిపర్ మార్చక తప్పదా?

ప్రశ్న:

నా సైకిల్ ముందు చక్రానికి రెండు పిస్టన్ల హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్ ఉంది. మినరల్ ఆయిల్‌తో పనిచేసే రకం. కొంతకాలంగా లివర్ నొక్కగానే బయటి వైపు ప్యాడ్ ముందుగా వచ్చి డిస్కును స్పోకుల వైపుకు వంచుతోంది. లివర్ వదిలాక కూడా అదే ప్యాడ్ డిస్కుకు రాసుకుంటూ సన్నటి శబ్దం చేస్తోంది. క్యాలిపర్ (పిస్టన్లు, ప్యాడ్లు ఉండే భాగం) బోల్టులు వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని మళ్ళీ బిగిస్తే కొన్నాళ్ళు బాగానే ఉండి, తిరిగి మొదటికే వస్తోంది. శబ్దం చేస్తున్న బయటి పిస్టనే పాడైందని అనుకుంటున్నాను. దానిపై చైన్‌కు వేసే నూనె స్ప్రే చేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పాడు. అలా చేయవచ్చా, లేక క్యాలిపర్ మొత్తం మార్చాలా?

మొదటి జవాబు:

ఆ స్ప్రే మాత్రం వేయకండి. అది ప్యాడ్లలోకి ఇంకిందంటే బ్రేక్ పట్టు పోతుంది, ఆ ప్యాడ్లు మళ్ళీ పనికి రావడం కష్టం.

ఇక మీ అనుమానం విషయానికి వస్తే, శబ్దం చేస్తున్న పిస్టన్ దోషి కాకపోవచ్చు. ఈ బ్రేకుల్లో పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగ్ ఉండదు. ప్యాడ్ల మధ్య కనిపించే పలుచని స్ప్రింగ్ ప్యాడ్లను విడిగా ఉంచడానికే గానీ పిస్టన్‌ను కదిలించడానికి కాదు. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు కోత రబ్బరు సీల్, లివర్ నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొద్దిగా ఒరిగి, ఒత్తిడి తగ్గగానే తన ఆకారానికి తిరిగి వస్తూ దానిని మిల్లీమీటరులో చిన్న భాగమంత వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ సీల్ మీద జారుతూ ముందుకు వచ్చి కొత్త చోట నిలబడుతుంది కాబట్టి ఈ బ్రేకులను చేత్తో సర్దవలసిన పని ఉండదు. అయితే పిస్టన్ అంచున దుమ్ము, ప్యాడ్ పొడి పేరుకుని గట్టిపడితే సీల్ దానిని గట్టిగా పట్టేస్తుంది, జారనివ్వదు. అప్పుడు లివర్ తోసే నూనె అంతా తేలికగా కదిలే రెండో పిస్టన్ వైపే పోతుంది. ఆ రెండోది అవసరానికి మించి బయటికి వచ్చి, డిస్కును మొరాయిస్తున్న దాని మీదికి నెట్టి, ఆ తరువాత కూడా డిస్కుకు దగ్గరగానే నిలిచిపోతుంది. మీరు వివరించిన లక్షణం సరిగ్గా ఇదే. మొరాయిస్తున్నది స్పోకుల వైపు పిస్టన్. క్యాలిపర్‌ను మళ్ళీ మళ్ళీ మధ్యకు సర్దడం వల్ల ఆ తేడా కొన్నాళ్ళు దాగుతుందే తప్ప పోదు.

చేయవలసిన పని ఇది. చక్రం తీసి, ప్యాడ్లను పట్టి ఉంచే పిన్ను ఊడదీసి, ప్యాడ్లను తీయండి. వాటి ముఖాన్ని వేలితో తాకకుండా శుభ్రమైన కాగితంలో చుట్టి దూరంగా పెట్టండి. తేలికగా కదిలే బయటి పిస్టన్‌ను ప్లాస్టిక్ టైర్ లివర్‌తో కదలకుండా ఆపి పట్టుకుని, బ్రేక్ లివర్‌ను నెమ్మదిగా, కొద్దికొద్దిగా నొక్కండి. లోపలి పిస్టన్ సుమారు 3 మిల్లీమీటర్లు బయటికి రాగానే ఆపేయాలి. అంతకు మించి నొక్కుతూ పోతే అది సీల్ దాటి ఊడిపడుతుంది, నూనె అంతా కారిపోతుంది, బ్లీడింగ్ (లోపలి గాలిని తీసి మళ్ళీ నూనె నింపడం) చేయక తప్పదు.

బయటికి వచ్చిన పిస్టన్ పక్క గోడను గమనించండి. ఇంతవరకు లోపల ఉన్న భాగం మెరుస్తూ ఉంటుంది, బయట ఉన్న భాగం చుట్టూ నల్లటి పట్టీలా మురికి కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో ఆ పట్టీని చుట్టూ, ముఖ్యంగా చూపు అందని వెనక వైపున, బడ్ తెల్లగా వచ్చేదాకా తుడవండి. చాలామంది ఇక్కడే తొందరపడి, మురికి ఉండగానే పిస్టన్‌ను లోపలికి నెట్టేస్తారు. ఆ మురికి సీల్‌ను గీరుతూ దాని కిందికి చేరుతుంది. తుడిచాక పిస్టన్ పక్కన ఒక చుక్క మినరల్ ఆయిల్ రాసి, టైర్ లివర్ బల్లపరుపు భాగంతో దానిని తిన్నగా లోపలికి నెట్టండి. ఒక పక్కకు ఒరిగితే అది ఇరుక్కుంటుంది. తిరిగి బయటికి రప్పించి, తిరిగి నెట్టండి. రెండు పిస్టన్లూ సమానంగా కదిలేదాకా ఇలా చేస్తూ ఉండాలి, దీనికి ఓపిక కావాలి. స్క్రూడ్రైవర్ వాడవద్దు. మీ పిస్టన్లు సెరామిక్‌వి అయితే అంచు పెచ్చు లేచిపోతుంది.

రెండో జవాబు:

పై వివరణ సరైనదే, రెండు విషయాలు మాత్రం చేర్చాలి. రాసే నూనె తప్పనిసరిగా ఆ బ్రేకులో ఉన్న రకమే అయి ఉండాలి. షిమానో, మగురా వంటివి మినరల్ ఆయిల్ వాడతాయి. హోప్ బ్రేకుల్లోనూ, చాలా శ్రామ్ బ్రేకుల్లోనూ డాట్ ఫ్లూయిడ్ అనే మరో రకం బ్రేక్ ద్రవం ఉంటుంది. శ్రామ్ కొత్త నమూనాల్లో కొన్నింటికి మినరల్ ఆయిల్ ఉంది కాబట్టి పేరును బట్టి ఊహించకుండా లివర్ మీద రాసినది చదవండి. ఒక రకానికి చేసిన సీల్ మీద రెండో రకం పడితే రబ్బరు ఉబ్బిపోతుంది, పిస్టన్ మరింత బిగుసుకుంటుంది. డాట్ ఫ్లూయిడ్ పెయింట్‌ను కూడా తినేస్తుంది.

రెండోది, గతంలో ఎవరైనా బ్లీడింగ్ చేసినప్పుడు నూనె ఎక్కువగా నింపి ఉంటే పిస్టన్లను పూర్తిగా లోపలికి నెట్టడం కుదరదు. బలవంతం చేస్తే లివర్ లోని పలుచని రబ్బరు పొర చిరిగే ప్రమాదం ఉంది. లివర్ వద్ద బ్లీడ్ స్క్రూ తీసి, గుడ్డ చుట్టి, ఎక్కువైన నూనె బయటికి వచ్చే దారి ఇచ్చి నెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే స్పోకుల వైపు పిస్టన్ మొరాయిస్తోంది. వెనక వైపున ముదురు పట్టీ గట్టిగా అంటుకుని ఉంది. తుడిచి ఆడించిన తరువాత ఇప్పుడు రెండూ దాదాపు కలిసే కదులుతున్నాయి. ఒక సందేహం: లోపలి పిస్టన్ చుట్టూ కొద్దిగా తడి కనిపిస్తోంది. అది నేను రాసిన నూనేనా, లేక సీల్ నుంచి కారుతోందా?

మూడో జవాబు:

ప్యాడ్లు పెట్టకముందే తేల్చుకోవాలి. రెండు పిస్టన్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ గానీ, సరిపడినంత మందం ఉన్న గట్టి ప్లాస్టిక్ ముక్క గానీ పెట్టి, అంతా ఆల్కహాల్‌తో పొడిగా తుడిచి, లివర్‌ను గట్టిగా నొక్కి రబ్బరు బ్యాండ్‌తో రాత్రంతా కట్టి ఉంచండి. ఉదయం తెల్లటి కాగితం అంచును పిస్టన్ చుట్టూ ఆనించి చూడండి. కాగితానికి నూనె అంటకపోతే మీరు రాసినదే. అంటితే సీల్ పోయినట్టు. శ్రామ్, హోప్ వంటి వారు సీళ్ళను, పిస్టన్లను విడిగా అమ్ముతారు గానీ షిమానో అమ్మదు, కాబట్టి ఆ బ్రేకైతే క్యాలిపర్ మార్చవలసిందే. పిస్టన్‌లో పగులు కనిపించినా ఇదే వర్తిస్తుంది.

కారడం లేదని తేలితే ప్యాడ్లు, చక్రం బిగించి, లివర్‌ను పదేపదే నొక్కి పిస్టన్లను డిస్కు దాకా రానివ్వండి. క్యాలిపర్‌ను మధ్యకు సర్దే పని ఆ తరువాతే. షిమానో క్యాలిపర్ బోల్టులకు బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. ఎలాగూ విప్పారు కాబట్టి డిస్కు మందం కూడా కొలవండి. కొత్తగా 1.8 మిల్లీమీటర్లు ఉండే షిమానో డిస్కు 1.5కు తగ్గితే మార్చాలి. ప్యాడ్ మీద రాపిడి పదార్థం 0.5 మిల్లీమీటరు మిగిలినప్పుడు ప్యాడ్లదీ అదే దారి. అరిగిన ప్యాడ్లతో పిస్టన్లు ఎక్కువ భాగం బయటే ఉండి మురికి పట్టించుకుంటాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్లను తుడవకుండా లోపలికి నెట్టడం వల్లే ఈ ఇబ్బంది ఎక్కువగా మొదలవుతుంది.