ఓల్డ్ మనీ ఫోటోషూట్‌కి చుట్టాల పాత మిద్దె దొరికింది, అక్కడ ఎలా తీయాలి, ఎలా నడుచుకోవాలి?

కడప కారందోశ:

మాది ప్రొద్దుటూరు. ఫిబ్రవరిలో మా చెల్లెలి పెళ్ళి. గండికోటలో ప్రీ వెడ్డింగ్ షూట్ అందరూ తీయించుకున్నదే, నాకొద్దు, నాకు 'ఓల్డ్ మనీ' స్టైల్ కావాలి అని కూర్చుంది. అదేందని అడిగితే ఫోన్లో ఒక యాభై ఫోటోలు చూపించింది. తెల్ల లినెన్ చొక్కాలు, భుజాల మీద ముడేసిన స్వెట్టర్లు, ముత్యాల దండలు, టెన్నిస్ కోర్టు. మన ఎండలకు స్వెట్టర్ ఏందే అంటే నీకు తెలీదులే అనింది.

జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో మా అమ్మకు పెద్దమ్మ వరసయ్యే అవ్వ ఉంది. పాత మిద్దె, నాపరాతి అరుగు, పడసాలలో టేకు స్తంభాలు, పైన వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాక్షి. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది, పొలం పనులు చూసే ఆయన పొద్దున సాయంత్రం వచ్చిపోతాడు. ఫోన్ చేసి అడిగితే "రాండి నాయనా, అన్నం తిని పోదురు" అనింది, అంతే. మేము ఏడుగురం వస్తామని, నాలుగు జతల బట్టలు మారుస్తారని, డ్రోన్ ఎగరేస్తామని ఆమెకు తెలీదు.

నా టెన్షన్ అంతా అక్కడే. పోయినేడు మా చిన్నాయన కొడుకు షూట్‌లో టీమ్ వాళ్ళు ఎవరింటి ముందో రంగు పొగ కాల్చి, సున్నం గోడ మీద గులాబీ మరక చేసి, సారీ కూడా చెప్పకుండా వచ్చేసినారు. నేనూ అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు. ఈసారి కెమెరా నాదే, 50 లెన్సు, 24-70 లెన్సు ఉన్నాయి. ఫోటోలు ఎలా తీయాలి, ఆ ఇంట్లో ఎలా ఉండాలి, అవ్వకు డబ్బులివ్వొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అనంతపురం క్లిక్కులు:

తమ్ముడూ, పెళ్ళిళ్ళు తీసి తీసి నడుము పోయిన మనిషిని, నాకు తెలిసింది చెప్తా.

ముందు ఈ స్టైల్ ఎక్కడిదో చూడు. తరాలుగా ఆస్తి ఉన్న అమెరికా తూర్పు తీరపు కుటుంబాలను అక్కడివాళ్ళు ఓల్డ్ మనీ అంటారు. ఉన్నది చూపించుకోకుండా, హంగు చేయకుండా ఉండడమే ఆ స్టైల్. ఆ కుటుంబాలను, వాళ్ళ ఇళ్ళను, విహారాలను ఎక్కువగా తీసిన ఫోటోగ్రాఫర్ స్లిమ్ ఆరన్స్. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం పత్రికకు యుద్ధం ఫోటోలు తీసి, తర్వాత ఈ పనిలోకి వచ్చాడు. కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో 1970లో ఈత కొలను పక్కన తీసిన ఫోటో ఒకటుంది, మీ చెల్లెలి యాభైలో అదీ ఉండే ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు కుర్చీల్లో వాలి మాట్లాడుకుంటుంటారు, ఇంకొకామె నడిచొస్తుంటుంది, వెనక కొండలు. ఎవరూ కెమెరా వైపు చూడరు. అలా కూర్చున్నవాళ్ళలో ఒకామెది ఆ ఇల్లే. అందుకే ఆ నిదానం. ఆరన్స్ మేకప్ వాళ్ళను, స్టైలిస్టులను పెట్టుకునే రకం కాదు. మీ చెల్లెలు కూర్చోబోయేది అవ్వ ఇంట్లో. పొద్దున పోయి ఒక గంట కెమెరా బయటికి తీయకుండా కాఫీ తాగి, కబుర్లు చెప్పి, ఆ అమ్మాయి ఇల్లంతా ఒకసారి తిరిగినాక మొదలుపెట్టు. ఫోటోలో తేడా నీకే కనిపిస్తుంది.

ఇక వెలుతురు. గవాక్షి ఉందన్నావు కాబట్టి సగం పని అయిపోయినట్టే, కానీ మనిషిని సరిగ్గా దాని కింద నిలబెట్టావంటే కళ్ళు గుంటలు పడి దయ్యంలా వస్తారు. రెండడుగులు వెనక్కి జరిపి, మొహం వెలుతురు వైపు కొంచెం ఎత్తించు. మన నల్ల బండల నేలతో ఇంకో తంటా ఉంది, వెలుతురంతా మింగేస్తుంది, గడ్డం కింద నీడ నల్లగా పడుతుంది. ఫ్రేములోకి రాకుండా కాళ్ళ దగ్గర ఒక తెల్ల పంచె పరువు. వేల రూపాయల రిఫ్లెక్టర్ చేసే పని అదే, పైగా అవ్వ ఇంట్లోనే దొరుకుతుంది. ట్యూబులైట్లు ఆర్పేయి, లేకపోతే సగం మొహం పచ్చగా సగం నీలంగా వస్తుంది. సున్నం గోడ ముందు తీసేటప్పుడు కెమెరా మోసపోతుంది, ఆ తెలుపును బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుతురు, ఒక అర స్టాపో ముక్కాలు స్టాపో పెంచుకో.

24 దగ్గర తీస్తే అంచుల్లో స్తంభాలు వంకర పోతాయి. 50తోనే తీయి, కెమెరాను ఛాతీ ఎత్తులో, పైకీ కిందికీ వంచకుండా పట్టుకో. అపెర్చర్, అంటే లెన్సు తెరుచుకునే కొలత, 1.8 పెట్టి వెనకంతా మసక చేస్తే ఆ ఇంటికి పోయి లాభమేముంది, 4 లేదా 5.6 పెట్టు, వెలుతురు తగ్గితే ఐ.ఎస్.ఓ. (కెమెరా వెలుతురు పట్టే శక్తి) 800 అయినా ఏం కాదు. బయట అరుగు మీద అయితే పొద్దున 9 లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత.

బట్టలు ముందే ఒకసారి ఉతికి కట్టుకోమను. కొత్త మడతలు పడిన లినెన్ చొక్కా అద్దెకు తెచ్చినట్టే ఉంటుంది. ఎడిటింగ్‌లో మొహాలు తెల్లగా చేయొద్దు, అది మాత్రం నా మాట విను.

పాతబస్తీ పెద్దాయన, కర్నూలు:

బాబూ, మాదీ పాత ఇల్లే. షూటింగుకని నెలకొకరు వస్తారు, అందుకని అవతలి వైపు నుంచి చెప్తాను.

ఫోన్ మళ్ళీ చెయ్యి. ఏడుగురం, పొద్దున ఏడు నుంచి పన్నెండు దాకా, బట్టలు మార్చుకోవడానికి ఒక గది కావాలి అని పూసగుచ్చినట్టు చెప్పు. వంటకు మనిషిని, సామాను మీరే తెచ్చుకోండి, అయితే అన్నం మాత్రం ఆమె చేతనే వడ్డించుకోండి. తినకుండా పోతే ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. డబ్బులు చేతిలో పెట్టొద్దు. చుట్టరికంలో డబ్బిస్తే అద్దె కట్టినట్టు ఉంటుంది. పండ్లు, ఆకు వక్క, రవిక గుడ్డ, వీలైతే మంచి నూలు చీర పెట్టి కాళ్ళకు మొక్కండి. పొలం చూసే ఆయనకు మాత్రం ఆ రోజు కూలి విడిగా ఇవ్వండి, మీ సామాను మోసేది ఆయనే కదా.

ఆయన సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఇంటికొచ్చిన ఒక కుర్రాడు, మా దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉన్న మనిషిని పిలిచి, తలగుడ్డ చుట్టి, పెళ్ళికూతురి వెనక గొడుగు పట్టుకోమన్నాడు. పాత జమీందారు లుక్ అంట. మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి ఆ గొడుగు లాక్కొని మడిచి మూలన పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత వాళ్ళకు కాఫీ కూడా రాలేదు.

దేవుడి గదిలోకి కెమెరా వద్దు. కుర్చీ జరిపేముందు అది ఎవరిదో అడగండి, చాలా ఇళ్ళల్లో పోయినాయన కూర్చున్న పడక కుర్చీ అలాగే ఉంటుంది. గోడ మీద పెద్దల పటాలు ఫ్రేములో పడితే పూర్తిగా పడనీండి, తలలు కోసేయొద్దు. ఇన్‌స్టాలో ఊరి పేరు, లొకేషన్ పెట్టొద్దు, ఒంటరిగా ఉండే ముసలామె ఇల్లు అది.

మసాలా మిరప:

అందరూ ఏమనుకోకండి గానీ, హంగు చేయకుండా ఉండడమే ఓల్డ్ మనీ అంటున్నారే, అది మనకెప్పుడుందప్పా? మా జేజి పెళ్ళి ఫోటో చూస్తే వడ్డాణం, కాసులపేరు, వంకీలు, ఇంట్లో ఉన్న బంగారమంతా ఒంటి మీదే ఉంది. ఆ పక్కన మా జేజినాయన చేతికి వాచీ, అది ఫోటోలో పడాలని చొక్కా చేయి పైకి లాక్కొని కూర్చున్నాడు. మనవాళ్ళు ఉన్నది చూపించుకున్నారు, లేనోళ్ళు ఎరువు తెచ్చి మరీ చూపించుకున్నారు.

అనంతపురం క్లిక్కులు:

హహ, నిజమే చెల్లెమ్మా. ఒక్కటి కలుపుతా. నిజాం దగ్గర రాజా దీన్ దయాళ్ అనే ఫోటోగ్రాఫర్ పనిచేసేవాడు, 1894లో ఆరో నిజాం ఆయనకు రాజా అని బిరుదు కూడా ఇచ్చాడు. ఆయన తీసిన నవాబులు, రాజులు నగలతోనే ఉంటారు. కానీ మొహాల్లో తొందర ఉండదు. ఫిల్ము బదులు వాడే ఒక్క గాజు ప్లేటు కోసం కుదురుగా కూర్చున్నారు మరి. మన తమ్ముడు అది పట్టుకుంటే చాలు. ముత్యాల దండ బదులు వాళ్ళమ్మ కాసులపేరు వేసుకోమను, స్వెట్టర్ బదులు ధర్మవరం పట్టు. మూడొందల క్లిక్కులు కొట్టొద్దు, ఒక్కో చోట పదికి మించకుండా తీయి.

కడప కారందోశ:

అందరికీ థ్యాంక్స్. పెద్దాయనా, మీరు చెప్పినట్టే అవ్వకు మళ్ళీ ఫోన్ చేసినా. ఏడుగురం అంటే "ఏడుగురేనా" అనింది. బట్టలు మార్చుకునేదానికి గది ఇస్తుందంట, దాంట్లో శనక్కాయ మూటలు ఉన్నాయంట, మేమే జరుపుకోవాలంట. కాసులపేరు మాట చెల్లికి చెప్తే మొహం మాడ్చుకుంది గానీ, సాయంత్రం చూస్తే అమ్మ బీరువా ముందు నిలబడి ఉంది. స్వెట్టర్ మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

డ్రోన్ మాత్రం క్యాన్సిల్. పైన ఎగిరే మిషను, జోరీగ మాదిరి గీ అంటుంది అని చెప్తే అవ్వ ఒక నిమిషం ఆలోచించి, "మన ఎనుము ఈనేదానికి ఉండాది నాయనా, బెదురుతాది, అదొక్కటీ వద్దులే" అనింది.