మిన్నెసోటా ఇంట్లో రేడాన్ 6.2: పైపు, ఫ్యాను పెట్టించాలా? కిటికీలు తీస్తే చాలదా?

విజయనగరం కోటవీధి:
మా అమ్మాయి, అల్లుడు మిన్నెసోటాలో ఇల్లు కొన్నారు. పరీక్ష డబ్బా రెండు రోజులు బేస్‌మెంట్‌లో (నేల కింది అంతస్తులో) ఉంచి ల్యాబ్‌కు పంపితే, లీటరు గాలికి 6.2 పైకోక్యూరీల (రేడియోధార్మికత కొలమానం) రేడాన్ ఉందని వచ్చింది. రేడాన్ అంటే మన్నులో, రాతిలో ఉండే యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువట, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందట. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే సరిచేయించుకోమని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. మనవడి పడక ఆ బేస్‌మెంట్‌లోనే. ఇంటి కింది గాలిని లాగి బయటికి పంపే పైపు, ఫ్యాను వెంటనే పెట్టించాలని అమ్మాయి పట్టుదల. కిటికీ తీస్తే పోయే గాలికి వెయ్యి డాలర్లకు పైగా పోయడం దండగని అల్లుడి వాదన. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

బొబ్బిలి రైతుబిడ్డ:
మీ అల్లుడిగారి మాటే నాకు సబబుగా తోస్తోంది మాస్టారూ. మన ఇళ్లలో నేలంతా టెక్కలి గ్రానైటే. రాతిలో ఎంతో కొంత యురేనియం ఉంటుందంటారు. మరి మనం దాని మీదే పడుకుని లేస్తున్నాం కదా! ఈ క్యాన్సర్ లెక్కలు యురేనియం గనుల్లో పనిచేసినవారిని చూసి కట్టినవి. గని దుమ్ము పీల్చినవాడికీ ఇంట్లో నిద్రపోయే పిల్లవాడికీ పోలికేమిటి? పైగా చాలాచోట్ల కొలిచేవాడే ఫ్యానూ అమ్ముతాడు. వాడి యంత్రం తక్కువ చూపిస్తుందా?

నాగావళి ఒడ్డు:
నేను మిన్నెసోటాలో చాలా ఏళ్లు ఉండి శ్రీకాకుళం తిరిగి వచ్చినదాన్ని. ఈ విషయం తేలిగ్గా తీసేయడం చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

గనుల లెక్కలు మొదట వచ్చిన మాట నిజం. అక్కడితో ఆగలేదు. ఐరోపాలో ఇళ్లలోనే జరిగిన 13 అధ్యయనాలను కలిపి చూసిన ఫలితాలు 2005లో వచ్చాయి. ఘనపు మీటరు గాలిలో రేడాన్ 100 బెక్వెరెల్‌లు (రేడియోధార్మికతకు ఇంకో కొలమానం) పెరిగినప్పుడల్లా ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతోందని తేలింది. మాస్టారి అమ్మాయి ఇంటి 6.2 ఆ కొలతలో దాదాపు 230. పొగాకు తర్వాత ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణాల్లో రేడాన్ ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క అమెరికాలోనే ఏటా 21,000 మంది దీనివల్ల చనిపోతున్నారని ఈపీఏ అంచనా.

ఇక మన గ్రానైటు సంగతి. నేల మీద పరిచిన పలకల నుంచి వచ్చే రేడాన్ సాధారణంగా చాలా తక్కువ. అసలు వనరు ఇంటి కింద మన్ను. మన ఇళ్లలో కిటికీలు, తలుపులు తెరిచే ఉంటాయి కనుక వచ్చింది వచ్చినట్టు పోతుంది. మిన్నెసోటాలో జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే రాత్రులుంటాయి. ఇల్లంతా బిగించి హీటరు వేస్తారు. వేడెక్కిన గాలి పైకెక్కి కప్పు సందుల్లోంచి జారిపోతుంది, ఆ వెలితి తీర్చుకోవడానికి ఇల్లు పొయ్యి గొట్టంలా అడుగు నుంచి గాలి లాగుతుంది. గచ్చు పగుళ్లు, పైపులు దిగిన కన్నాలు, నీరు తోడే గుంట, అన్నీ దానికి దారులే. పై అంతస్తు కిటికీ తీశారంటే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది! బేస్‌మెంట్ కిటికీ తీస్తే కొంత తగ్గుతుంది, మూయగానే మళ్లీ పేరుకుంటుంది. చలికాలమంతా తీసి ఉంచగలరా, పసివాడు పడుకునే గదిలో?

రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు. 1984లో పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు, ఇంకా కరెంటు ఉత్పత్తి మొదలుకాని అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. అక్కడి రేడియేషన్ అలారం అతన్ని చూసి మోగుతుంటే, కారణం ఆయన ఇంట్లో దొరికింది. కొలిస్తే సుమారు 2,700 పైకోక్యూరీలు. భార్యాబిడ్డలతో ఆ ఇంట్లో కాపురం చేస్తూ ఎవరూ ఏమీ పసిగట్టలేకపోయారు.

కళింగపట్నం:
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. మన తీరంలో, భావనపాడు వైపు, ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉందంటారు. అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది కదా. అలాంటప్పుడు మనం కూడా పరీక్ష చేయించుకోవద్దా అక్కా?

నాగావళి ఒడ్డు:
మంచి ప్రశ్న తమ్ముడూ. థోరియం నుంచి వచ్చేది థోరాన్, రేడాన్ లాంటి వాయువే. అది ఒక నిమిషం లోపే సగానికి తగ్గిపోతుంది, కాబట్టి మట్టి లోతుల్లోంచి ఇంట్లోకి వచ్చేలోపే చాలావరకు అంతరిస్తుంది. రేడాన్ సగమవడానికి దాదాపు 3.8 రోజులు పడుతుంది, అదే చిక్కు. గాలి ఆడే ఇల్లయితే నీకు నేను ముందు చెప్పేది పొగాకు మానమనే. 4 పైకోక్యూరీల ఇంట్లో జీవితమంతా ఉన్న వెయ్యిమందిలో, ఎన్నడూ సిగరెట్ ముట్టనివారైతే సుమారు 7 మందికి, కాల్చేవారైతే 62 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చని ఈపీఏ లెక్క. మన పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అయితే రాత్రంతా ఏసీ వేసి బిగించే కింది అంతస్తు గదులు ఇప్పుడు మన ఊళ్లలోనూ పెరుగుతున్నాయి. వాటిని పగలైనా బార్లా తెరవండి.

బొబ్బిలి రైతుబిడ్డ:
ఇళ్లలో చేసిన అధ్యయనాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ సరిచేయించుకోమనే అమెరికా గీత 148 బెక్వెరెల్‌లు (ఆ 4 పైకోక్యూరీలే), కెనడా 200, ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 అంటూనే కుదరకపోతే 300 దాటనివ్వవద్దంటుంది. శాస్త్రం ఒకటే అయితే ఇన్ని గీతలెందుకు? 230 కెనడాలో కాస్త ఎక్కువ, ఇంకోచోట ఫరవాలేదు. రెండు రోజుల కొలత మీద గచ్చు పగలగొట్టమనడం తొందరపాటు.

నాగావళి ఒడ్డు:
గీత ఎక్కడ గీయాలన్నది ఖర్చు, వీలు చూసుకుని ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయం. దాని కింద ముప్పు లేదని ఎవరూ అనలేదు. 2కూ 4కూ మధ్య ఉన్నా తగ్గించుకునే ఆలోచన చేయమనే ఈపీఏ అంటుంది.

రెండు రోజుల కొలత గురించి మీరన్నది మాత్రం న్యాయం. రేడాన్ రోజుకో తీరుగా ఉంటుంది. అందుకే రెండో పరీక్ష చేయాలి. తలుపులు, కిటికీలు 12 గంటల ముందు నుంచే మూసి, పరీక్ష అయ్యేదాకా మూసే ఉంచాలి. తీరిక ఉంటే 90 రోజులు దాటే పరీక్ష ఇంకా నమ్మకం. కిట్ హార్డ్‌వేర్ దుకాణంలో కొని తామే ల్యాబ్‌కు పంపుకుంటే, ఫ్యాను అమ్మేవాడి చెయ్యి అందులో పడదు.

పగలగొట్టేది కూడా మీరనుకున్నంత కాదు. గచ్చుకు ఒకచోట కన్నం వేసి, కింద కొంచెం కంకర తీసి, పీవీసీ గొట్టం దించి కప్పు దాటిస్తారు. ఫ్యాను అటక మీదో ఇంటి బయటో ఉండాలి, మనుషులు తిరిగే గదుల్లో కాదు, ఎక్కడైనా కారితే ఆ గాలి ఇంట్లోకే వస్తుంది. గుంటకు మూత బిగిస్తారు, పగుళ్లు పూడుస్తారు. పగుళ్లు పూడ్చి ఊరుకుంటే సరిపోదు. గొట్టం మీద యు ఆకారపు చిన్న నాళం, అందులో రంగు ద్రవం ఉంటుంది. ఫ్యాను లాగుతున్నంతసేపు రెండు వైపులా మట్టాలు ఎక్కువతక్కువగా నిలుస్తాయి. సమానమైతే ఫ్యాను ఆగిందని అర్థం. ఆ నాళం రేడాన్‌ను కొలవదు, అందుకని పని అయ్యాక ఒకసారి, తర్వాత రెండేళ్లకోసారి పరీక్ష తప్పదు.

మాస్టారూ, మీ అమ్మాయి ఇల్లు 2009 తర్వాత కట్టినదైతే గొట్టం ముందే వేసి ఉండవచ్చు. మిన్నెసోటాలో కొత్త ఇళ్లకు అది నియమం. అప్పుడు ఫ్యాను ఒక్కటే బిగిస్తే చాలు. అడిగి చూడండి.

విజయనగరం కోటవీధి:
అడిగాను తల్లీ. ఇల్లు పాతదే, గొట్టం లేదు. మనవడి మంచం పై అంతస్తుకు మార్చారు. రెండో పరీక్ష తనే చేసి వేరే ల్యాబ్‌కు పంపుతానని అల్లుడు ఒప్పుకున్నాడు. అది 4 లోపు వస్తే మాత్రం పైసా ఖర్చు పెట్టనంటున్నాడు.

నాగావళి ఒడ్డు:
అలా కాదండీ. రెండూ కొద్ది రోజుల పరీక్షలే అయినప్పుడు రెండింటి సగటు చూడాలి. రెండోది 3 వచ్చినా సగటు 4.6. రెండోది 1.8 కన్నా తగ్గితేనే సగటు 4 లోపు ఉంటుంది. ఈ లెక్క డబ్బా తెరవకముందే అల్లుడిగారితో ఒప్పించండి.