కార్బన్ పన్ను వాతావరణం కోసమా, ఖజానా కోసమా? కాస్త తేల్చిపెట్టండి

కార్బన్ పన్ను మీద, అంటే బొగ్గు, పెట్రోలు లాంటివి కాల్చినప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ (ఉద్గారాలు) మీద వేసే పన్ను మీద, మా బావతో వారం రోజులుగా ఒకటే వాదన. భూమి వేడెక్కడం అబద్ధమని ఆయనా అనడు, నేనూ అనను. ఆయన గోలంతా "ఆ పేరు చెప్పి మన జేబులు ఖాళీ చేస్తున్నారు" అనే. 2018లో ఫ్రాన్స్‌లో ఇంధనం మీద పన్ను పెంచబోతే జనం పసుపు జాకెట్లు వేసుకుని రోడ్లెక్కారు, చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది, అది చూపిస్తాడు. పైగా వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో మాటిస్తే, ఎక్కువగా ధనిక దేశాలే ఉన్న ఓఈసీడీ అనే కూటమి లెక్క ప్రకారమే 2022కి గానీ ఆ అంకె చేరలేదట, అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. ఇది విన్నాక నాకూ నోరు పెగల్లేదు.

కానీ స్వీడన్ 1991 నుంచే కార్బన్ పన్ను వేస్తోంది కదా, అక్కడ ఉద్గారాలు తగ్గాయి, ఆర్థిక వ్యవస్థేమీ కుప్పకూలలేదు. కెనడా అయితే వసూలు చేసిన దాంట్లో చాలావరకు ఇళ్లకే తిరిగిచ్చింది, అయినా వ్యతిరేకత తగ్గక 2025లో వినియోగదారుల మీద ఆ పన్ను ఎత్తేశారు. డబ్బు చేతికొచ్చినా జనం ఎందుకు నమ్మలేదు? నాకు అసలు అంతుపట్టనిది ఇదే.

ఒక పథకం నిజంగా ఉద్గారాలు తగ్గించడానికా, ఆదాయం కోసమా అని మామూలు మనిషి ఏం చూసి పోల్చుకోవాలి? ఏమీ చేయకుండా కూర్చుంటే జరిగే నష్టాన్ని ఈ ఖర్చు లెక్కల్లో ఎలా కలుపుతారు? ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు ఉంటే కాస్త అర్థమయ్యేలా చెప్పండి, రాజకీయ తిట్లు మాత్రం వద్దు, అవి ఇంట్లోనే సరిపడా ఉన్నాయి.