ఎంజీబీ: బెల్ హౌసింగ్ కింద చుక్కలు. ఇంజినాయిలా, గేర్‌బాక్స్ ఆయిలా?

చుక్కలబండి:
నాది 1972 ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఓవర్‌డ్రైవ్ (పై గేర్లలో ఇంజిన్ వేగం తగ్గించే అదనపు గేరు) ఉన్న బండి. రాత్రి పెట్టి పొద్దున చూస్తే కింద వేసిన అట్ట మీద అరచేయంత మరక. చుక్క ఎక్కణ్ణుంచి పడుతోందో కూడా పడుకుని చూశాను. బెల్ హౌసింగ్ (ఇంజినుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ఉండే డొప్ప) అడుగున చిన్న బెజ్జం ఉంటుంది చూడండి, దాంట్లో వేలాడే స్ప్లిట్ పిన్ను కొసనుంచి. మెకానిక్ చూసీ చూడగానే "ఇంజిన్ వెనక సీల్ పోయింది, దించాల్సిందే" అన్నాడు. సీల్ అంటే తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు రింగు. ఇంజిన్ దించడానికి నేను సిద్ధమే. తీరా దించాక తప్పు సీల్ మార్చి బిగిస్తానేమోనని భయం. గేర్‌బాక్స్ ముందు సీల్ కారినా ఆ బెజ్జంలోంచే కదా రావాలి? వాసన పట్టి చెబుదామంటే రెండిట్లోనూ పోసేది 20డబ్ల్యూ50 ఇంజినాయిలే. పైగా ఈమధ్య క్లచ్ వదులుతుంటే బండి వణుకుతోంది. ఆ పిన్ను పీకేసి బెజ్జం మూసేస్తే పోలా అని కూడా ఒక రాత్రి అనిపించింది, నవ్వకండి.

నట్టూబోల్టూ:
నవ్వాను, ఏమనుకోకండి. ఆ పిన్ను అక్కడ ఊగుతూ బెజ్జం పూడిపోకుండా చూస్తుంది. మూసేస్తే ఆయిల్ లోపలే నిలిచి క్లచ్ ప్లేటు ఇంకా తడుస్తుంది. దించేముందు గేర్‌బాక్స్‌లో ఒక డబ్బా స్టాప్‌లీక్ (కారడం ఆపే మందు) పోసి చూడండి, పోయేదేముంది?

తాతగారి గ్యారేజీ:
పోయేది ఓవర్‌డ్రైవ్ నాయనా! గేర్‌బాక్స్, ఓవర్‌డ్రైవ్ రెండూ ఒకే ఆయిల్‌తో బతుకుతాయి. ఆ ఆయిల్ ఒత్తిడితోనే ఓవర్‌డ్రైవ్ పట్టుకునేది. సీళ్ళను ఉబ్బించే మందులు దాంట్లో పోయొద్దు. వెనక యాక్సిల్‌లో పోసే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కూడా వద్దు.

ఇక చుక్కలబండి గారూ, వాసన కుదరకపోతే రంగు చూడండి. పిన్ను కింద తెల్ల కాగితం పెట్టండి. ఇంజినాయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. గేర్‌బాక్స్‌లో మసి పుట్టదు కాబట్టి అక్కడి ఆయిల్ చాలాకాలం తేనెరంగులోనే ఉంటుంది. మొన్ననే ఇంజినాయిల్ మార్చి ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అప్పుడు కార్పెట్ ఎత్తండి. టన్నెల్ మీద రబ్బరు మూత, దాని కింద గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ ఉంటాయి. సమంగా ఉన్న చోట బండి నిలిపి, గీత ఎక్కడుందో రాసుకుని, పదిహేను రోజులాగి మళ్ళీ చూడండి. ఓవర్‌డ్రైవ్‌తో కలిపి పట్టేది 3.4 లీటర్లే కాబట్టి, కారుతుంటే తేడా తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది, కాబట్టి తడిసిన చోటే కారుతోందనుకోకండి. అడుగంతా తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, కొంచెం దూరం తిప్పి చూడండి. పౌడర్ మీద మొదటి తడి గీత ఎక్కడ మొదలైతే దొంగ అక్కడ.

చుక్కలబండి:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. కాగితం మీద పడింది తేనెరంగు! డిప్‌స్టిక్ గీత కూడా దిగింది. ఇంజిన్ సీల్‌కు ఏ పాపం తెలియదన్నమాట.

ఇంజిన్ ఒక్కటే దించాను, గేర్‌బాక్స్ కదపలేదు. ఈ బండిలో బెల్ హౌసింగ్, గేర్‌బాక్స్ డొక్కు ఒకే పోత. క్లచ్ ఫోర్కు తీశాక ముందు కవరు చేతికందుతుంది. అక్కడ కథ బయటపడింది. ఇదివరకు ఎవరో సీల్ మార్చినప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్ళ మీద టేపు చుట్టకుండానే తోసినట్టున్నారు, సీల్ పెదవి (షాఫ్ట్‌ను తాకే అంచు) ఒకచోట చిన్న ముక్క తెగి ఉంది. గ్యాస్కెట్ లేనే లేదు, సిలికాన్ మెత్తి పెట్టారు. షాఫ్ట్ మీద గోరు పెట్టి లాగితే సన్నటి గాడిలో ఆగుతోంది. ఇప్పుడు కొత్త సీల్ వేసినా ఆ గాడిలోంచే కారదా?

తాతగారి గ్యారేజీ:
కారుతుంది, పెదవి మళ్ళీ అదే గాడిలో కూర్చుంటే. సీల్‌ను కవరులో చివరిదాకా దిగ్గొట్టకుండా ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంచి, నిటారుగా కూర్చోబెట్టండి. పెదవి గాడి పక్కన నున్నటి చోట పడుతుంది. పెదవి ముఖం గేర్‌బాక్స్ వైపే. బేరింగు దగ్గర పల్చటి షిమ్‌లు (ఖాళీ సరిచేసే రేకు రింగులు) ఉంటాయి, కవరుకు అంటుకుని వస్తాయి, పారేయకండి. గ్యాస్కెట్ వేయండి. గేర్‌బాక్స్ లోపలికి తెరుచుకున్న బెజ్జాల్లో ఉండే స్టడ్‌ల మరలకు కొంచెం సీలెంట్ పూయండి, లేకపోతే ఆయిల్ మరల వెంబడే బయటికొస్తుంది. ఆయిల్ తాగిన క్లచ్ ప్లేటును కడిగి వాడదామనుకోవద్దు. క్లచ్ తొక్కినప్పుడు దాన్ని నెట్టే గ్రాఫైట్ రిలీజ్ బేరింగును కూడా పనిలో పనిగా మార్చేయండి, దానికోసం మళ్ళీ ఇంజిన్ దించుతారా?

చుక్కలబండి:
అన్నీ మీరు చెప్పినట్టే చేశాను, టేపుతో సహా. వణుకు పోయింది. పది రోజులుగా పిన్ను పొడిగా ఉంది.

అయితే ఇవాళ పొద్దున అట్ట మీద ఇంకో చుక్క. ఆవగింజంతే, తేనెరంగే, ఈసారి రెండడుగులు వెనక్కి. పైకి చూస్తే స్పీడోమీటర్ కేబుల్ బిగించే చోటు తడిగా ఉంది.

నట్టూబోల్టూ:
అది నయం. కేబుల్ బిగించే ఆ పినియన్ హౌసింగులో చిన్న సీల్, ఓ-రింగు ఉంటాయి, కిందినుంచే తీయొచ్చు. వదిలేస్తే మాత్రం ఆయిల్ కేబుల్ లోపలే పాకి స్పీడోమీటర్ దాకా ఎక్కుతుంది.

చుక్కలబండి:
అట్ట ఇంకా పారేయలేదు లెండి. జాకీ తెస్తున్నాను.