కుళ్ళిన దూలం: ఒక నమూనాలో గీతే రాదు, మరొక దానిలో ట్రైకోడెర్మా

ప్రశ్న అడిగినవారు:
నమస్కారమండి. నిన్న ఉదయం నుంచి ప్రయోగశాలలోనే ఉన్నాను, ఇక ఏమీ తోచడం లేదు. మా తాతగారి పెంకుటింట్లో ఒక దూలం గోడలోకి దిగిన చోట కుళ్ళిపోయింది. ఏ శిలీంధ్రమో తేల్చుదామని రెండు ముక్కల నుంచి డీఎన్‌ఏ తీశాను. ఒకదానికి నాలుగుసార్లు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పద్ధతి) చేసినా జెల్ మీద గీత రాలేదు, అంటే నకళ్ళు తయారవలేదు. రెండో దాని సీక్వెన్స్‌ను (డీఎన్‌ఏ అక్షరాల వరుసను) జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్సుల భాండాగారంతో పోలిస్తే ట్రైకోడెర్మా అనే బూజు పేరు వచ్చింది. ఇది పొడి కుళ్ళేనని నా నమ్మకం. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.

మొదటి సభ్యుడు:
ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఏవి? కలప ఏది? ముక్కను ఎలా దాచారు? నెగటివ్ కంట్రోల్ (నమూనా డీఎన్‌ఏ వేయని గొట్టం) పెట్టారా?

పాత ఇళ్ళు బాగుచేసేవారు:
శిలీంధ్రం పేరు తెలిసినంత మాత్రాన దూలం నిలబడదండి. ముందు నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చూడండి. కలపలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు సాగదు. గోడలో పూడ్చిన దూలం కొసకు గాలి ఆడదు కాబట్టి, పైన పెంకు ఒక్కటి జరిగినా ఆ తడి అక్కడే నిలిచిపోతుంది. నేను చూసిన ఇళ్ళలో చాలావాటికి మందు కన్నా పెంకు సర్దడమే పనిచేసింది.

ప్రశ్న అడిగినవారు:
నీటి సంగతి మేస్త్రి చూస్తున్నారు, నా ప్రశ్న అది కాదండి. కలప టేకు. ప్రైమర్లు ఐటీఎస్1, ఐటీఎస్4. నెగటివ్ కంట్రోల్ శుభ్రంగానే ఉంది. ఊరి నుంచి తెచ్చిన ముక్కలు తొమ్మిది రోజులు ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి, అది పెద్ద విషయం కాదనుకున్నాను.

శిలీంధ్రాలపై పనిచేసేవారు:
అసలు విషయం అదేనండి. తడి చెక్కను మూసిన సంచిలో ఉంచితే పైపైన బూజు పెరిగి, లోపల కలపను తింటున్న శిలీంధ్రాన్ని కప్పేస్తుంది. మీకు దొరికిన ట్రైకోడెర్మా ఆ బూజే కావచ్చు, దూలం బలాన్ని తీసేసింది అది కాదు. మళ్ళీ నమూనా తీయండి. స్పిరిటుతో తుడిచిన ఉలితో పై పొరను చెక్కి పారేసి, గట్టి కలప, మెత్తబడిన కలప కలిసే అంచు నుంచి పొట్టు తీసి, కాగితపు కవరులో సిలికా జెల్‌తో ఆరబెట్టండి. పూర్తిగా పిండైపోయిన చోట శిలీంధ్రం చచ్చిపోయి ఉండవచ్చు, అంచున అది ఇంకా పనిలో ఉంటుంది.

గీత రాని ముక్క విషయంలో నా అనుమానం టేకులోని ఫినాలిక్ పదార్థాల మీద. అవి డీఎన్‌ఏతోపాటు వచ్చి పీసీఆర్ నడిపే ఎంజైమును అడ్డుకుంటాయి. డీఎన్‌ఏ తీసే సీటాబ్ ద్రావణంలో ఆ పదార్థాలను పట్టుకునే పీవీపీ కలపండి, పీసీఆర్‌లో ఎంజైమును కాపాడే బీఎస్ఏ ప్రోటీను వేయండి, డీఎన్‌ఏను 10 రెట్లు, 50 రెట్లు పలుచన చేసి రెండూ నడపండి. ఐటీఎస్1, ఐటీఎస్4 జంట మొక్క డీఎన్‌ఏకు కూడా అతుక్కుంటుంది. 1993లో వచ్చిన ఐటీఎస్1ఎఫ్, ఐటీఎస్4బి జంట బసిడియోమైసీట్ల (పుట్టగొడుగుల వర్గం) వైపు మొగ్గుతుంది, కలపను కుళ్ళబెట్టేవాటిలో ప్రధానమైనవి ఆ వర్గంవే.

మొదటి సభ్యుడు:
మెత్తని కుళ్ళు తెచ్చే కీటోమియం అనే శిలీంధ్రం ఆస్కోమైసీటు, అంటే వేరే వర్గం. ఐటీఎస్4బి దాన్ని చూడదు.

శిలీంధ్రాలపై పనిచేసేవారు:
నిజమే. అందుకే ఐటీఎస్1ఎఫ్, ఐటీఎస్4 జంటను కూడా పక్కన నడపాలి.

మరొక సభ్యురాలు:
పేరు విషయంలో ఒక మాట. పొడిగా రాలే ప్రతి కలపనూ పొడి కుళ్ళు అనడం సరికాదు, ఆ పేరు సెర్పులా లాక్రిమాన్స్ అనే శిలీంధ్రం తెచ్చే కుళ్ళుకు చెందింది. అది చల్లదనాన్ని కోరుతుంది, హిమాలయ అడవుల్లో సహజంగా పెరుగుతుంది, మన ఎండలకు తాళలేదు. ముక్కను గోటితో లాగితే తెల్లని పీచులుగా వస్తోందా, గోధుమ రంగు ఘనాలుగా పగిలిందా? సెర్పులా అయితే ఘనాలుగా పగలాలి, పీచులుగా రాదు.

పాత ఇళ్ళు బాగుచేసేవారు:
వడ్రంగులు అన్నిటినీ కుళ్ళే అంటారమ్మా, పని ఆగడం లేదు.

మరొక సభ్యురాలు:
పని ఆగదు, కానీ తప్పుడు పేరుతో వెతికితే పరీక్ష దారి తప్పుతుంది. ప్రశ్న అడిగినవారు అలాగే తప్పారు.

ప్రశ్న అడిగినవారు:
పీచులుగానే వస్తోందండి, లేత పసుపుగా ఉంది. పాత డీఎన్‌ఏనే 50 రెట్లు పలుచన చేస్తే సన్నని గీత కనబడింది. ఆదివారం ఊరికి వెళ్ళి అంచు నుంచి కొత్త ముక్క తెస్తాను. ధన్యవాదాలు.

మొదటి సభ్యుడు:
ఆ సన్నని గీతను సీక్వెన్సింగుకు పంపకండి. అదీ సంచిలోని ముక్కదే కదా?